తుపాకీ, జెండా, దస్తావేజు: ఉయ్‌ఘర్ ప్రవాసులకు ఏది మేలు?

నీలి జెండా మీద తెల్లని నెలవంక, నక్షత్రం. ఇస్తాంబుల్‌లోనైనా మ్యూనిక్‌లోనైనా ఉయ్‌ఘర్లు, అంటే చైనా వాయవ్యాన ఉన్న షిన్‌జియాంగ్‌కు చెందిన తుర్కిక్ ముస్లింలు, నలుగురు చేరి నినాదాలిచ్చే చోట అది కనిపిస్తుంది. దాని కింద నిలబడేవాళ్ల దారులు మాత్రం వేరు.

2004లో మ్యూనిక్‌లో పుట్టిన ప్రపంచ ఉయ్‌ఘర్ కాంగ్రెస్ శాంతియుతంగా స్వయం నిర్ణయాధికారం అడుగుతుంది. అదే ఏడాది వాషింగ్టన్‌లో ఏర్పడిన తూర్పు తుర్కిస్తాన్ (షిన్‌జియాంగ్‌కు వాళ్లు పెట్టుకున్న పేరు) ప్రవాస ప్రభుత్వం స్వాతంత్ర్యానికి తక్కువ దేనికీ ఒప్పుకోదు. మూడో దారి ఆయుధం.

ముందు ఆయుధం లెక్క తేల్చేద్దాం. అఫ్ఘానిస్తాన్‌లో సాయుధ ముఠా కట్టిన ఉయ్‌ఘర్ హసన్ మహ్‌సుమ్ 2003లో పాకిస్తాన్ సైన్యం చేతిలో చనిపోయాడు. ఆ ముఠా వారసులు తుర్కిస్తాన్ ఇస్లామిక్ పార్టీ పేరుతో సిరియాలోని ఇద్లిబ్‌కు చేరి, అప్పటి అధ్యక్షుడు అసద్ మీద పోరాడారు. షిన్‌జియాంగ్‌లోని కష్గర్‌లో ఒక్క ఉయ్‌ఘర్‌కైనా దానివల్ల ఒరిగిందేమిటి? 2014 మార్చిలో చైనాలోని కున్‌మింగ్ రైల్వే స్టేషన్‌లో, షిన్‌జియాంగ్ వేర్పాటువాదులని చైనా చెప్పిన ముఠా ఒకటి కత్తులతో 31 మందిని చంపింది. చైనా ప్రభుత్వానికి కాగల కార్యం గంధర్వులే తీర్చినట్టయింది. అయితే తర్వాత షిన్‌జియాంగ్‌లో ఉయ్‌ఘర్లను కుక్కిన నిర్బంధ శిబిరాలకు ఈ దాడులే కారణమంటే నేను ఒప్పుకోను. చైనా రాజ్యాంగం ఇచ్చిన హక్కులనే అమలు చేయమన్న ఉయ్‌ఘర్ ఆచార్యుడు ఇల్హామ్ తోహ్తీకి అదే ఏడాది యావజ్జీవం పడింది. దాడులు సాకు మాత్రమే. కానీ ఆ సాకు చాలా ఖరీదైంది.

ఇక జెండా. ప్రవాస ప్రభుత్వం వాదనలో పస ఉంది: షిన్‌జియాంగ్‌కు 1955 నుంచీ పేరులో స్వయంప్రతిపత్తి ఉంది, దానితో ఏం మిగిలింది? మెత్తగా మాట్లాడినా ఉగ్రవాది ముద్ర తప్పలేదు. ప్రపంచ ఉయ్‌ఘర్ కాంగ్రెస్ నాయకుడు దోల్కున్ ఈసా మీద చైనా ఇంటర్‌పోల్ రెడ్ నోటీసు (దొరికితే పట్టుకోమని దేశాల పోలీసులకు పంపే విన్నపం) పెట్టించింది. 2016లో మన దేశం ఆయనకు వీసా ఇచ్చి, వెనక్కి తీసుకుంది. 2018లో ఇంటర్‌పోలే ఆ నోటీసు రద్దు చేసింది. ఆయన చేతిలో తుపాకీ ఉండి ఉంటే అది సాధ్యమయ్యేదా?

నా ఓటు దస్తావేజుకే, అంటే సాక్ష్యాలు రాసి పోగుచేసే దారికే. ప్రవాసులు పట్టుబట్టి సేకరించిన సాక్ష్యాలు అమెరికాలో 2021 చివర్లో చట్టమయ్యాయి. షిన్‌జియాంగ్ పత్తి ఉన్న చొక్కా అక్కడి రేవుకు వస్తే, వెట్టిచాకిరీతో తయారైందనే అనుకుని ఆపేస్తారు. కాదని నిరూపించుకోవలసింది దిగుమతిదారు. ప్రవాసుల చేతిలో ఇంతకన్నా పదునైన పనిముట్టు నాకు కనిపించలేదు.

దీనికీ హద్దులున్నాయి. 2022 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలిలో షిన్‌జియాంగ్ మీద చర్చ పెడదామన్న తీర్మానమే 17–19 తేడాతో ఓడింది. భారత్ ఓటు వేయలేదు.

పైగా ఇది ఊరికే దొరికే దారి కాదు. 2017 తర్వాత, విదేశీ సంబంధాలుంటే శిబిరానికి పంపుతారన్న భయంతో, షిన్‌జియాంగ్‌లోని ఎందరో తల్లులు, అక్కాచెల్లెళ్లు విదేశాల్లోని తమవాళ్ల నంబర్లను ఫోన్లలోంచి తీసేశారు. వాంగ్మూలం కింద సంతకం పెట్టబోయేవాడికి షిన్‌జియాంగ్ రాజధాని ఉరుంచిలో ఉన్న తమ్ముడు గుర్తొస్తాడు. కొందరు పేరు మార్చి రాయమంటారు. కొందరు కలం కింద పెట్టి లేచిపోతారు.