కేస్ షీటు కోసం సొంత అర్జీనా, వకీలు నోటీసా, సమాచార హక్కా: ఏది మేలు?

ఆసుపత్రిలో వైద్యం సరిగా జరగలేదన్న అనుమానం వచ్చినప్పుడు, కేసు వేయాలా వద్దా అని తేల్చుకోవడానికైనా ముందు రికార్డులు చేతికి రావాలి. వాటిని మనమే అడగాలా, వకీలు చేత నోటీసు ఇప్పించాలా, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలా, వినియోగదారుల కమిషన్ ద్వారానే రప్పించుకోవాలా అని కర్నూలు, అనంతపురం వైపు నుంచి కూడా నన్ను అడుగుతున్నారు. కడపలో మా చిన్నాయన విషయంలో ఈ నాలుగు దారులనూ మేము తూకం వేసి చూశాం కాబట్టి రాస్తున్నాను.

ఖర్చు, శ్రమ నా లెక్కలో తర్వాతి సంగతులు. రోగి పడక మీద ఉండగా రాసిన కాగితం, వివాదం ఇంకా మొదలుకాకముందు, ఫలానా తేదీన మన చేతికి వచ్చిందని చూపగలమా లేదా అన్నదే అసలు విషయం. ఆ కొలత పెట్టి చూస్తే సొంత అర్జీయే మేలని నా అభిప్రాయం.

భారత వైద్య మండలి 2002 నియమావళి ప్రకారం రోగి గానీ, రోగి అధికారమిచ్చిన మనిషి గానీ రికార్డులు అడిగితే, అడిగినట్టు ధ్రువీకరించి 72 గంటల్లో ఇవ్వాలి. అర్జీలో ఈ నియమాన్ని పేర్కొని, చేర్చుకున్నప్పటి నోట్స్, డాక్టర్ల రోజువారీ నోట్స్, నర్సుల నోట్స్, బీపీ, నాడి చార్టులు, మందుల చార్టు, సమ్మతి పత్రాలు, మత్తుమందు చార్టు, ఆపరేషన్ నోట్స్, పరీక్షల రిపోర్టులు, స్కానింగు సీడీలతో సహా కేస్ షీటు మొత్తం కావాలని రాయాలి. మరో డాక్టరుకు చూపించుకోవాలన్న కారణం చాలు, అది నిజం కూడా. ఫిర్యాదును, కోపాన్ని అందులో పెట్టకూడదు. రోగి మరణించి ఉంటే మరణ ధ్రువీకరణ పత్రం, బంధుత్వాన్ని తెలిపే ఆధారం జతచేయాలి.

మా తమ్ముడు మొదటిసారి వెళ్లినప్పుడు, "డిశ్చార్జి సమ్మరీ ఇచ్చినాం కదన్నా, మళ్లీ ఎందుకు?" అని కౌంటర్లో అంటే, అర్జీ ఇచ్చి ఊరికే తిరిగి వచ్చాడు. అర్జీ ఇచ్చినట్టు మా దగ్గర ఆధారమేమీ లేకపోయింది. మరునాడు రెండు ప్రతులు తీసుకెళ్లి, రెండో ప్రతి మీద తేదీతో ఇన్‌వార్డు ముద్ర, అంటే అర్జీ అందినట్టు ముద్ర, వేయించుకున్నాడు. నాలుగో రోజున జిరాక్సు కట్ట వచ్చింది. కౌంటర్లో అసలే తీసుకోకపోతే పోస్టులో పంపవచ్చు. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కనుక, రిజిస్ట్రేషన్‌తో కూడిన స్పీడ్ పోస్టు చేసి, అందినట్టు ఆధారం దాచుకోవాలి.

ఆ కట్టలో నర్సు చేతిరాతతో ఒక వరుస ఉంది: రాత్రి 2.10 గంటలకు బీపీ 80/50, డ్యూటీ డాక్టరుకు ఫోనులో తెలిపాము. బీపీ బాగా పడిపోయిందని దాని అర్థం. ఆ తర్వాత డాక్టరు రాసిన మొదటి వాక్యం పక్కన ఉన్న సమయం ఉదయం 6.40. డిశ్చార్జి సమ్మరీలో మాత్రం ఆ రాత్రి గురించి, ఆపరేషన్ తర్వాత పరిస్థితి నిలకడగా ఉందన్న ఒక్క మాటే ఉంది. ఇది నిర్లక్ష్యమా కాదా అన్నది మరో సర్జను చెప్పవలసిన సంగతి. కానీ ఆ వరుస లేకపోతే ఆయనను ఏమని అడగాలో కూడా మాకు తెలిసేది కాదు.

వకీలు నోటీసుకు బలం లేదని నేను అనను. అయితే అది అందిన రోజునే ఆసుపత్రికి కేసు రాబోతోందని తెలుస్తుంది, ఫైలు వాళ్ల వకీలు దగ్గరికి వెళ్తుంది, కాగితాలకు బదులు ప్రత్యుత్తరం వస్తుంది. రికార్డు దిద్దుతారని నేను ఆరోపించడం లేదు. ముందే ముద్రతో తీసుకున్న ప్రతి ఉంటే ఆ అనుమానానికే తావుండదు. 72 గంటలు దాటినా ఇవ్వనప్పుడు, ముద్ర పడిన అర్జీని జతచేసి పంపే నోటీసుకు మాత్రం ఎక్కువ విలువ ఉంటుంది.

కర్నూలు, అనంతపురం సర్వజన ఆసుపత్రులలో గానీ, కడప రిమ్స్‌లో గానీ వైద్యం జరిగి ఉంటే సమాచార హక్కు మంచి దారి. 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి, ఇవ్వని అధికారికి సమాచార కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా వేయవచ్చు. అయినా 30 రోజులంటే 72 గంటలకు పది రెట్లు. అందుకే సూపరింటెండెంటుకు మామూలు అర్జీ, సమాచార అధికారికి దరఖాస్తు ఒకే రోజున ఇవ్వమంటాను. ప్రైవేటు ఆసుపత్రి నేరుగా ఈ చట్టం కిందికి రాదు. కానీ వైద్యం రాష్ట్ర ప్రభుత్వ పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవ కింద జరిగి ఉంటే, బిల్లు కోసం ఆసుపత్రి పంపిన కాగితాలను ఆ పథకాన్ని నడిపే ట్రస్టును అడగవచ్చు.

వినియోగదారుల కమిషన్‌కు పత్రాలు రప్పించే అధికారం ఉంది. కానీ ఏం జరిగిందో తెలియకుండా ఫిర్యాదులో ఏమని రాస్తాం? పైగా ఫిర్యాదుకు గడువు రెండేళ్లు, 2002 నియమావళి రికార్డులు దాచమన్నది చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు. గడువు చివర్లో ఫిర్యాదు వేసి, ఆ తర్వాత పత్రాల కోసం దరఖాస్తు పెట్టేసరికి ఈ మూడేళ్లు కూడా నిండిపోవచ్చు.

జిల్లా వైద్యాధికారికి, రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయడం విచారణ కోసమే గానీ, కాగితాల కోసం కాదు.

చివరగా, కట్ట తీసుకునేటప్పుడు ప్రతి పేజీ మీదా ఆసుపత్రి ముద్ర అడగాలి, వరుస సంఖ్యలు సరిచూడాలి. మా కట్టలో 37 తర్వాత 39 ఉంది. మా తమ్ముడు రసీదు మీద "38వ పేజీ అందలేదు" అని రాసి సంతకం పెట్టాడు. మరుసటి సాయంత్రం ఆ పేజీ వచ్చింది. అది మత్తుమందు చార్టు.