పోస్ట్‌గ్రెస్ మెమరీ కాంటెక్స్ట్‌లు: రెండేళ్లు వాడాక నా రివ్యూ

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి సీ భాషలో ఎక్స్‌టెన్షన్లు (కొత్త ఫంక్షన్లు చేర్చే ప్లగిన్లు) రాయడం మొదలుపెట్టి రెండేళ్లయింది. అందులో నాకు బాగా నచ్చింది మెమరీ కాంటెక్స్ట్‌ల పద్ధతి, నన్ను బాగా ఏడిపించిందీ అదే. 5కి నాలుగున్నర ఇస్తాను, ఆ అర మార్కు ఎక్కడ కోశానో కింద చెప్తాను.

మామూలు సీలో మాలాక్‌తో మెమరీ తీసుకున్న ప్రతిసారీ దాన్ని వదిలేయడానికి ఫ్రీ రాయాలి, మధ్యలో ఎర్రర్ వచ్చి ఫంక్షన్‌లోంచి బయటపడితే ఆ ఫ్రీ దాకా చేరనే చేరం. పోస్ట్‌గ్రెస్‌లో మాలాక్ బదులు వాడే పాలాక్‌తో తీసుకున్న ప్రతి ముక్కా ఏదో ఒక కాంటెక్స్ట్‌కి, అంటే ఒక మెమరీ గంపకి, చెందుతుంది, ఆ కాంటెక్స్ట్‌ని తీసేస్తే దానిలోవన్నీ, దాని పిల్ల కాంటెక్స్ట్‌లతో సహా పోతాయి. ట్రాన్సాక్షన్‌కి ఒకటి, క్వెరీకి ఒకటి, ఒక్కో రో మీద చేసే చిల్లర పనులకి ఇంకొకటి. పెళ్లి బంతిలో తిన్నాక కంచాలు కడుగుతూ కూర్చోం కదా, విస్తరాకు తీసేసి అదే చోట ఇంకో ఆకు వేస్తాం. రో కాంటెక్స్ట్‌ని రీసెట్ చేయడం అలాంటిదే. మొదటి 8 కేబీ బ్లాక్‌ని అట్టేపెట్టుకుంటుంది కాబట్టి చిన్న పనులకి ప్రతి రోకీ మళ్లీ మాలాక్ దాకా వెళ్లక్కర్లేదు. పైగా మెమరీ దొరక్కపోతే పాలాకే ఎర్రర్ వేస్తుంది, ప్రతి లైను కింద నల్ చెక్ రాసే గోల లేదు. ఈ సుఖానికి అలవాటుపడ్డాక మామూలు సీ రాయబుద్ధి కాదు.

ఇక ఏడిపించిన సంగతి. అడ్రస్‌లు శుభ్రం చేసే ఫంక్షన్ ఒకటి రాశాను. కొత్త పిన్‌కోడ్ కనిపించినప్పుడల్లా క్వెరీ అయ్యేదాకా దాచుకోవాలి, అందుకని ఫంక్షన్ మొదట్లోనే క్వెరీ అయ్యేదాకా ఉండే ఎఫ్ఎన్_ఎంసీఎక్స్‌టీ అనే కాంటెక్స్ట్‌కి మారాను, తిరిగి పాత కాంటెక్స్ట్‌కి రావడం మర్చిపోయాను. దాంతో ప్రతి రో ఫలితమూ అందులోనే పేరుకుంది. వెయ్యి రోలతో టెస్టులన్నీ పాస్. కోటి రోల టేబుల్ మీద నడిపితే మెమరీ పెరుగుతూనే ఉంది, ఒకటే టెన్షన్. 100 బైట్ల ఫలితం 128కి రౌండ్ అయి, దానికి ఆ ముక్క వివరాలుండే 8 బైట్ల హెడర్ కలిసి, కోటి సార్లకి 1.3 జీబీ దాటిపోయింది. ఏ కాంటెక్స్ట్ ఎంత మెమరీ వాడుతోందో లాగ్‌లో రాసే, వెర్షన్ 14లో వచ్చిన పీజీ_లాగ్_బ్యాకెండ్_మెమరీ_కాంటెక్స్ట్స్ ఫంక్షన్‌ని వేరే సెషన్‌లోంచి నడిపితే, లాగ్‌లో ఎగ్జిక్యూటర్‌స్టేట్ (ఆ క్వెరీ కాంటెక్స్ట్) ఒక్కటే ఉబ్బిపోయి కనిపించింది. ఒక్క లైను చేర్చగానే సర్దుకుంది, కానీ దాన్ని వెతకడానికి రెండు రాత్రులు పట్టింది. మనం ఏ కాంటెక్స్ట్‌లో ఉన్నామో కోడ్ చూస్తే తెలియదు, కంపైలరూ చెప్పదు. అర మార్కు అక్కడే పోయింది.

కాంటెక్స్ట్‌ల రకాలు కూడా వెర్షన్లతో పెరిగాయి: 10లో స్లాబ్, 11లో జనరేషన్, 17లో బంప్. బంప్ మామూలు బిల్డ్‌లో ముక్కకి హెడర్ కూడా పెట్టదు, సార్టింగ్‌లో వాడుతున్నారు, కానీ దాంట్లో ఒక్కో ముక్కని విడిగా వదిలేయడం (పీఫ్రీ) కుదరదు. ఎక్స్‌టెన్షన్లు రాసేవాళ్లకి చాలావరకు ఆలాక్‌సెట్ అనే మామూలు రకం చాలు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు సోర్స్‌లో ఎంఎంజీఆర్ ఫోల్డర్‌లోని రీడ్‌మీ ముందు చదవండి, చాలా ఓపిగ్గా రాశారు. మీ మెషీన్‌లో మాత్రం లోపలి తనిఖీలు ఆన్ చేసే ఎనేబుల్-క్యాసర్ట్ ఆప్షన్‌తోనే బిల్డ్ చేసుకోండి. వదిలేసిన మెమరీని అది 7ఎఫ్ బైట్లతో నింపేస్తుంది కాబట్టి, రో కాంటెక్స్ట్‌లోని పాయింటర్‌ని ఏ స్టాటిక్ వేరియబుల్‌లోనో దాచుకుని ఉంటే, కస్టమర్ దగ్గరికి వెళ్లకముందే డీబగ్గర్‌లో వరసగా 7ఎఫ్‌లు కనిపిస్తాయి.