పెప్టైడ్ మైక్రోఅర్రే స్లైడ్లు: నాలుగేళ్లు వాడాక

తిరుపతిలోని మా ల్యాబ్‌కి మొదటి స్లైడ్ వచ్చిన రోజు అటెండర్ దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి చూసి, "ఏంది మేడమ్, ఈ గాజుముక్కకా అంత దుడ్డు?" అన్నాడు. నిజమే, ప్రోటీన్‌లోని చిన్న చిన్న ముక్కల్ని (పెప్టైడ్లు) గాజు మీద చుక్కలుగా అతికించిన స్లైడ్ ఇది, కంటికి ఏమీ కనపడదు. డెంగీ వచ్చి తగ్గినవాళ్ల యాంటీబాడీలు ఆ వైరస్ తాలూకు ఎన్‌ఎస్1 ప్రోటీన్‌లో ఎక్కడెక్కడ అతుక్కుంటాయో చూడటానికి నాలుగేళ్లుగా ఇవే వాడుతున్నాను. కంపెనీ పేరు మాత్రం అడక్కండి.

ముందు మంచి చెబుతా. సీరమ్ (రక్తంలోంచి తీసిన ద్రవం) చిటికెడు చాలు. ఒక్కో పెప్టైడ్‌కీ విడిగా ఎలైజా (యాంటీబాడీలని పట్టే మామూలు ల్యాబ్ పరీక్ష) పెట్టుకుంటూ కూర్చుంటే వారాలు పట్టే పని ఒకటి రెండు రోజుల్లో తేలిపోతుంది.

తలనొప్పంతా డిజైన్‌లోనే. ఎన్‌ఎస్1లో 352 అమైనో ఆమ్లాలు. 15 ఆమ్లాల పొడవు ముక్కలు, నాలుగేసి ఆమ్లాలు జరుపుకుంటూ పోతే 85 వస్తాయి, చివర్న ఒక్క ఆమ్లం మిగిలిపోతుంది. మొదటి ఆర్డర్‌లో నేను గమనించనేలేదు, కంపెనీవాళ్లూ చెప్పలేదు. ఇప్పుడు 86వ ముక్కని చివరి నుంచి వెనక్కి లెక్కపెట్టి రాయిస్తాను. డెంగీ వైరస్‌లోని నాలుగు రకాలకీ (సీరోటైపులు) కలిపి 344 ముక్కలు, ఒక్కోదానికి మూడేసి చుక్కల చొప్పున 1,032. ఈ ప్రోటీన్‌లో ఉన్న 12 సిస్టీన్లు (ఒక రకం అమైనో ఆమ్లం) గాలికి ఆక్సిడైజ్ అయి ఒకదానికొకటి ముడిపడతాయి కాబట్టి వాటి బదులు సెరీన్ అనే ఇంకో ఆమ్లం పెట్టించాను.

ఆ మూడు చుక్కల్నీ పక్కపక్కనే పెట్టించుకోవడం నేను చేసిన తెలివితక్కువ పని. ఒక్క గాలిబుడగ వచ్చి కూర్చుంది, మూడూ పోయాయి. ఇప్పుడు స్లైడంతా చెదరగొట్టిస్తున్నాను.

రెండో ఏడాది ఇంకో దెబ్బ. చుక్కల చిరునామాలుండే గాల్ ఫైల్ తలకిందులుగా పంపారు. కస్టమర్ కేర్ అమ్మాయి "మీరే స్లైడ్ తిప్పి పెట్టుంటారు మేడమ్" అంది. అదృష్టం కొద్దీ హెచ్‌ఏ ట్యాగ్ కంట్రోల్ చుక్కల్ని (తప్పకుండా వెలగాల్సిన గుర్తు చుక్కలు) మూడు మూలల్లోనే పెట్టించి, నాలుగోది ఖాళీగా వదిలాను. ఖాళీ మూల ఎటుందో బొమ్మలో చూపించాక కొత్త ఫైల్ వచ్చింది, క్షమాపణ రాలేదు.

నవంబర్ వానల్లో ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే కవర్ చించితే స్లైడ్ మీద చెమటపట్టి చుక్కలు చెదురుతాయి. గది వేడికి వచ్చేదాకా ఆగాల్సిందే. సీరమ్ లేకుండా ఉత్త సెకండరీ యాంటీబాడీతో (అతుక్కున్న యాంటీబాడీల్ని వెలిగించి చూపేది) ఒక స్లైడ్ ముందే నడపండి; నాకు అందులోనే కొన్ని చుక్కలు దీపాల్లా వెలిగాయి, అవి ఉత్తుత్తి వెలుగులే. చుక్కల వెలుగు కొలిచే స్కానర్ 65,535 చూపిస్తే సంబరపడకండి, అది దాని పరిమితి. గెయిన్ (స్కానర్ సున్నితత్వం) తగ్గించి మళ్లీ స్కాన్ చేయండి.

ప్రోటీన్ మడతపడితేనే ఏర్పడే చోట్లని పట్టే యాంటీబాడీలు ఇందులో చాలావరకు దొరకవు. వాటికి ఎలైజా ఎటూ పక్కన ఉండాల్సిందే.

ఐదుకి మూడున్నర ఇస్తాను. ఈసారి మూడేసి జరిపి, సీరోటైపుకి 114 ముక్కలకి కొటేషన్ అడిగాను. అలా చేసినా ఆ చివరి ఒక్క ఆమ్లమే మళ్లీ మిగులుతోంది. అందుకే 113 కాదు, 114.