నెల్లూరు గోపురం, మైపాడు తీరం, భైరవకోన: 4×5 కెమెరాకు ఏ వైడ్ లెన్స్?

నెల్లూరు రంగనాయకస్వామి గుడి గాలిగోపురం ఎత్తు సుమారు 70 అడుగులు. పాతిక మీటర్ల దూరంలో 4×5 కెమెరాకు (4×5 అంగుళాల విడి ఫిల్ము షీట్ల మీద తీసే పెద్ద కెమెరా) 90 మి.మీ. వైడ్ లెన్స్ తగిలించి, ఫ్రేమును నిలువుగా తిప్పి, మట్టం చూసి కెమెరా నిలబెడితే కలశాలు తెగిపోతాయి, కింది సగమంతా రోడ్డే ఉంటుంది. కెమెరా మొహాన్ని పైకెత్తితే గోపురం వెనక్కి వాలుతుంది. కెమెరా కదపకుండా ముందు స్టాండర్డ్‌ను (లెన్స్ ఉండే చట్రాన్ని) ఓ 25 మి.మీ. పైకి జరిపితే గోపురం నిటారుగా నిలుస్తుంది, కలశాలూ లోపలికి వస్తాయి.

లెన్స్ ఎంపిక తేలేది ఇక్కడే. అంత జరపాలంటే లెన్స్ ఫిల్ము మీద వేసే వెలుగు వలయం వ్యాసం కనీసం 195 మి.మీ. ఉండాలి. ష్నైడర్ సూపర్ ఆంగులాన్ 90 ఎఫ్/8 వలయం 216 మి.మీ., నికోర్ ఎస్‌డబ్ల్యూ 90 ఎఫ్/8 వలయం 235. రెండూ సరిపోతాయి. పేరులో 'సూపర్' లేని పాత ఆంగులాన్ 90 ఎఫ్/6.8 చవకగా దొరుకుతుంది, చిన్నగా ముద్దొస్తుంది. కానీ దాని వలయం 154 మాత్రమే, అంటే ఫిల్మును కప్పడానికే బొటాబొటి. 25 మి.మీ. జరిపితే పై మూలలు నల్లబడతాయి. మసక వెలుతురులో గ్రౌండ్ గ్లాస్ (కెమెరా వెనక బొమ్మ చూసుకునే గరుకు అద్దం) మీద ఆ నలుపు కనబడదు, ఫిల్ము కడిగాకే బయటపడుతుంది. గోపురాలు తీసేవాళ్లు దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

మైపాడులో వైడ్ లెన్స్ అంత గొప్పగా పనిచేయదు. ఎదురుగా సముద్రం, గీత గీసినట్టు దిగంతం. 90తో తీస్తే పడవలు చీమల్లా అయిపోతాయి, ఆకాశం ఖాళీగా మిగులుతుంది. 150 మి.మీ. లెన్సే నయం. 90ని వాడాలనుకుంటే పడవకు రెండు మీటర్ల దగ్గరకు వెళ్లాలి. తడి ఇసుక దగ్గర్నుంచి దిగంతం దాకా స్పష్టంగా రావాలంటే ముందు స్టాండర్డ్‌ను కొద్దిగా ముందుకు వంచాలి. లెన్స్ నేలకు మీటరున్నర ఎత్తులో ఉంటే 3.4 డిగ్రీలు చాలు. కొత్తవాళ్లు పది డిగ్రీలు వంచేసి, దూరాన ఉన్నవి స్పష్టంగా రాకపోతే లెన్స్‌ను అనుమానిస్తారు.

సూర్యోదయం కోసం మైపాడు వెళ్లేవాళ్లకు తీరం పక్కనే బస మేలు. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్ల లోపే అయినా చీకట్లో ఈ సామానంతా మోసుకుని బయల్దేరడం కష్టం. ఏసీ గదిలో రాత్రంతా చల్లబడిన లెన్స్‌ను తీరానికి తెచ్చి వెంటనే తెరిస్తే అద్దం మీద ఆవిరి పట్టేస్తుంది, తుడిచినకొద్దీ మళ్లీ పడుతుంది. బ్యాగును రాత్రి బాత్‌రూములోనో, గొళ్లెం ఉన్న బాల్కనీలోనో ఉంచాలి. లేదా అరగంట తెరవకుండా ఆగాలి.

ఇంతకన్నా వెడల్పు లెన్స్ నిజంగా కావలసింది భైరవకోనలో. కొండను తొలిచిన ఎనిమిది శివాలయాల్లో ఏడు తూర్పుముఖం, ఒకటి ఉత్తరముఖం. కాబట్టి ఉదయం వెళ్లాలి. ఎదుటి రాతికి వీపు ఆనించినా 90కి చోటు చాలదు, 75 కావాలి. దానితో చిక్కులూ వస్తాయి. మామూలు బెల్లోస్ (లెన్స్‌కూ ఫిల్ముకూ మధ్య ఉండే మడతల తొడుగు) ముడుచుకుని బిగుసుకుపోతుంది, స్టాండర్డ్ పైకి కదలదు. మెత్తటి సంచి బెల్లోస్ తప్పనిసరి. మడత కెమెరా అయితే నిలువు ఫ్రేములో లెన్స్ కింద ఉండే దాని పలక అంచే పడుతుంది, పలకను కిందికి దించాలి. లెక్క ప్రకారం 90తో మూలల్లో వెలుగు ఒకటిన్నర స్టాపు (ఒక స్టాపు అంటే వెలుగు సగం కావడం) తగ్గితే 75తో రెండు స్టాపులు తగ్గుతుంది. స్లైడ్ ఫిల్ముకు సెంటర్ ఫిల్టర్ (నడిమి వెలుగును తగ్గించి మూలలతో సమం చేసేది) కొనక తప్పదు. బ్లాక్ అండ్ వైట్ అయితే ప్రింటులో సర్దుకోవచ్చు. వానలయ్యాక జలపాతం బాగుంటుంది. ఎఫ్‌పి4 ప్లస్ (బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము) మీద లైట్ మీటరు 10 సెకన్లు చూపితే 18 ఇవ్వాలి, ఎక్కువసేపు తెరిస్తే ఫిల్ము స్పందన మందగిస్తుంది.

రాత్రి బసకు భైరవకోనను నమ్ముకోవద్దు. ఉదయగిరిలో దిగితే కోట కూడా కలిసొస్తుంది. అయితే ఎక్కడం నిటారు. అక్కడికి ఎక్కువ వెలుగు పట్టే ఎఫ్/4.5 లెన్స్ మోయడం దండగ, ఎఫ్/8 దాదాపు సగం బరువే ఉంటుంది.

ఈ పనికి లాడ్జిని బాత్‌రూము చూసి ఎంచుకోవాలి. చీకట్లో ఫిల్ము షీట్లను హోల్డర్లలోకి (కెమెరా వెనక దూర్చే ఫిల్ము తొడుగుల్లోకి) నింపేది అక్కడే. నెల్లూరు ట్రంకు రోడ్డు వైపు గదుల్లో బోర్డు లైట్లు వెంటిలేటర్లోంచి పడతాయి, వెనక వైపు గది అడగాలి. ఎగ్జాస్ట్ ఫ్యాను కంతకు నల్ల కవరు, తలుపు కింద తువ్వాలు. లైటార్పి పది నిమిషాలు కూర్చోవాలి, చెయ్యి కనబడితే ఇంకా వెలుగు వస్తున్నట్టే. ఛేంజింగ్ బ్యాగు (చేతులు దూర్చి ఫిల్ము నింపే, వెలుగు చొరని సంచి) ఉందిగా అనుకుంటే మే నెలలో చేతుల చెమట ఎమల్షన్‌కు (ఫిల్ము మీది రసాయన పూతకు) అంటుకుని వేలిముద్రలు దిగుతాయి. ఫిల్మును నిలువుగా పట్టుకున్నప్పుడు దాని అంచు మీది గాట్లు పై కుడి మూలకు వస్తే ఎమల్షన్ మన వైపున్నట్టు.

ఫిల్ము అక్కడే కడగాలంటే కుళాయి నీళ్లు వేడిగా ఉంటాయి. 20 డిగ్రీలకు దించడానికి ఐసు కావాలి. ఐసును నేరుగా డెవలపర్‌లో వేయకూడదు, పలచబడుతుంది. బకెట్లో ఐసు నీళ్లు పోసి సీసాను అందులో నిలబెట్టాలి.