న్యూజెర్సీ నుంచి రిచ్‌మండ్ దాకా రైల్లో: ఇంతకీ సౌత్ ఎక్కడ మొదలైంది?

అమెరికాలో ఉత్తరాన్నీ దక్షిణాన్నీ విడదీసే గీత ఏదంటే ఎక్కువమంది మేసన్-డిక్సన్ రేఖ అంటారు. 1763–67 మధ్య ఇద్దరు సర్వేయర్లు కొలిచి రాళ్ళు పాతిన మేరీలాండ్ సరిహద్దు అది. న్యూజెర్సీలోని మెట్రోపార్క్‌లో రైలెక్కిన మాకు ఆ గీత ఎప్పుడు దాటామో కూడా తెలియలేదు. జనాభా లెక్కల వాళ్ళు మేరీలాండ్‌నీ, డెలావేర్‌నీ దక్షిణంలోనే కలిపారు గానీ, బాల్టిమోర్‌లో నాకు ఆ ఛాయలేమీ కనిపించలేదు.

వాషింగ్టన్‌లో రైలు కాసేపు ఆగింది. కరెంటు తీగలు అక్కడితో సరి, ఇంజన్ మార్చి డీజిల్‌ది తగిలించారు. వర్ణవివక్ష చట్టాల రోజుల్లో దక్షిణానికి వెళ్ళే నల్లజాతి ప్రయాణికులు ఇక్కడే లేచి తమకు కేటాయించిన పెట్టెలోకి మారాల్సి వచ్చేది. అయినా పొటోమాక్ నది దాటగానే సౌత్ వచ్చేస్తుందనుకోవద్దు. ఉత్తర వర్జీనియా అంటే ఐటీ ఆఫీసులు, డేటా సెంటర్లు, ఆష్‌బర్న్ వైపైతే వీధికి నాలుగిళ్ళు మనవాళ్ళవే.

నాకు తేడా తెలిసింది రిచ్‌మండ్‌కి దారిలో ఉన్న ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో. టీ అడిగితే ఐసు వేసి, పాకంలా తియ్యగా ఉన్న పెద్ద గ్లాసు తెచ్చిపెట్టింది వెయిట్రెస్. ముక్కూ మొహం తెలియని మా ఆవిడని ‘హనీ’ అంటూ పలకరించింది. మొక్కజొన్న రవ్వతో వండే గ్రిట్స్ అంటే పోపు మర్చిపోయిన ఉప్మానే, మిరియాలు దట్టిస్తే పర్లేదు. శాకాహారులకో మాట: ఆకుకూరే కదా అని కొలార్డ్ గ్రీన్స్ చెప్పకండి, చాలాచోట్ల పంది మాంసం వేసి వండుతారు.

ఊళ్ళో పాత ఇంటిని లాడ్జిగా మార్చిన చోట దిగాం. గది చిన్నది, మెట్లు కిర్రుమంటాయి, రేటు హైవే మోటెల్ కంటే ఎక్కువే. కానీ స్టేషన్, తిండి, అమెరికా అంతర్యుద్ధంలో 1862 డిసెంబర్ పోరు జరిగిన గుట్ట అన్నీ నడకదూరమే. గుట్ట మీది శ్మశానంలో 15 వేలకు పైగా యూనియన్ (ఉత్తరాది పక్షం) సైనికులున్నారు. చాలా రాళ్ళ మీద పేరు లేదు, నంబరే. టికెట్ కూడా లేదు. లాడ్జి పెద్దాయన మాత్రం “ఇది ఇప్పుడు సౌత్ కాదండీ, వాషింగ్టన్ ఉద్యోగులు ఇక్కడిదాకా ఇళ్ళు కొనేశారు” అన్నాడు. లోకల్ రైలు వచ్చాక గీత కిందికి జరిగిందని ఆయన లెక్క. టీ గ్లాసు చూశాక నేను ఒప్పుకోను.

రిచ్‌మండ్ విషయంలో వాదనే లేదు, అది అంతర్యుద్ధంలో విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కూటమి కాన్ఫెడరసీకి రాజధాని. మాన్యుమెంట్ అవెన్యూలో ఆ పక్షం సేనాని జనరల్ లీ విగ్రహాన్ని 2021లో తీసేశారు. ఆ వీధిలోనే ఊరి బిడ్డ, నల్లజాతి టెన్నిస్ ఆటగాడు ఆర్థర్ యాష్ విగ్రహం ఉంది. హోటల్ ఎక్కడైనా ఉండేలాంటిదే, చెప్పుకోడానికేం లేదు. దోసె కావాలంటే శివారులోని షార్ట్ పంప్ వైపు వెళ్ళాలి.

నన్నడిగితే రాత్రి బస ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో, రిచ్‌మండ్‌కి ఒక పగలు. టికెట్ తీసేటప్పుడు మెయిన్ స్ట్రీట్ స్టేషన్‌కి వెళ్ళే రైలేనా అని చూసుకోండి. కొన్ని ఊరి బయట స్టేపుల్స్ మిల్ వరకే వెళ్తాయి, అక్కణ్ణుంచి క్యాబ్ ఖర్చు అదనం.