ఆరోగ్యశ్రీకి నా రేటింగ్: బాపుకి నాలుగు స్టార్లు, నాకు సున్నా

బాపుకి గుండెల నొప్పొస్తే జనగామ దగ్గరి మా ఊరి నుంచి హైదరాబాద్ తెచ్చినం, యాంజియోగ్రామ్ తీస్తే ఒక బ్లాక్ ఉంది స్టెంట్ వెయ్యాలె అన్నరు. ఆరోగ్యశ్రీ మీదనే చేయించినం. తెలిసినోళ్ళందరు ఫోన్లు చేసి ఎట్లయింది ఎట్లయింది అని అడుగుతున్నరు, అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్న.

మీ ఇంట్ల ఎంత కష్టం ఉందో అక్కడ ఎవ్వరికీ అక్కర్లే. ఆహార భద్రత కార్డు, అదే మనం ఇంకా తెల్ల కార్డు అనే పిలుస్తం కదా, అందుల పేషెంట్ పేరు ఉందా లేదా, గంతే. ఆ కార్డుకి ఊర్లల్ల ఏడాదికి 1.5 లక్షలు, టౌన్లల్ల 2 లక్షల లోపు ఆదాయం ఉండాలె, భూమైతే తరి (నీళ్ళు పారేది) 3.5 ఎకరాలు, కుష్కి (మెట్ట) 7.5 ఎకరాలు దాటొద్దు. బాపుది ఊరి కార్డు, ఇక్కడ నడుస్తదా అని భయపడ్డం గానీ నెట్‌వర్క్ దవాఖాన, అంటే స్కీమ్‌ల చేరిన దవాఖాన అయితే చాలంట, సిటీ ఊరు అని తేడా లేదు. లిమిట్ ఏడాదికి 10 లక్షలు, 2023 డిసెంబర్ 9 నుంచి పెంచిన్రు, అంతకుముందు 5 ఉండె. ఇది మనిషికి కాదు, కుటుంబం మొత్తానికి కలిపి.

మొదలు పోయిన ప్రైవేట్ దవాఖానల లొల్లి అయింది. బయట బోర్డు మీద ఆరోగ్యశ్రీ అని ఇంత పెద్దగ రాసి పెట్టుకున్నరు, లోపలికి పోతే అప్రూవల్ వచ్చేదాక ముప్పై వేలు అడ్వాన్స్ కట్టండి, తర్వాత వాపస్ ఇస్తం అన్నరు. పైగా స్కీమ్ స్టెంట్ మామూలుది సార్, మంచిది కావాల్నంటే పైన కట్టుకోవాలె అని చెవుల ఊదుడు. క్యాష్‌లెస్ అంటే ఏందో మరి! స్కీమ్ హెల్ప్‌లైన్ 104కి ఫోన్ చేసి అడిగినం, ఆరోగ్యమిత్రని, అంటే దవాఖానల ఈ స్కీమ్ పని చూసే మనిషిని కలవండి అన్నరు, ఆ కుర్చీల మనిషే లేడు. అక్కడికెళ్ళి లేచి ఇంకో దవాఖానకి పోయినం.

రెండో దాంట్ల కౌంటర్ల ఒక పిల్ల ఉండె, ఆమెకే ఆ నాలుగు స్టార్లు. బాపు తాపీ మేస్త్రీ, నలభై ఏండ్లు సిమెంటు కలిపిన చేతులు, వేలిముద్ర ఏడ పడతది? మెషీన్ మీద ఎన్నిసార్లు ఒత్తినా ఎర్ర లైటే. ఆ పిల్ల విసుక్కోలే, తాతా జర చెయ్యి తుడుచుకో అని తన దస్తీ తడిపి ఇచ్చింది, అప్పటికీ పడలే, చివరికి ముఖం ఫొటోతోని అయింది. ఇక్కడొక ముచ్చట, ఆధార్ల పేరు, కార్డుల పేరు ఒక్కతీరుగ ఉన్నయో లేవో ఇంట్లనే చూసుకోండి, మా పక్కాయనకి ఒక్క అక్షరం తేడాకి సగం దినం పోయింది. మాకు తెల్లారి సాయంత్రానికి అప్రూవల్ వచ్చింది, స్టెంట్ వేసిన్రు, బిల్లు కౌంటర్ల రూపాయి అడగలే.

70 ఏండ్లు నిండినోళ్ళు ఇంట్ల ఉంటే ఇంకో దారి ఉంది, 2024 అక్టోబర్ల కేంద్రం వయ వందన కార్డు తెచ్చింది, ఆదాయంతో పని లేదు, ఆధార్ల వయసు ఉంటే చాలు, ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం. కాకపోతే మీరు పోయే దవాఖాన దాన్ని తీసుకుంటదో లేదో ముందుగాలనే అడుగుండ్రి.

ఇగ నా సంగతి. లగ్గమైనంక బాపు కార్డుల నా పేరు తీసేసిన్రు. షోరూంల జీతం 24 వేలు, ఏడాదికి లెక్కేస్తే 2 లక్షల 88 వేలు, కాబట్టి రేషన్ కార్డు రాదు. ఈఎస్ఐ, అంటే ఉద్యోగులకిచ్చే సర్కారు ఆరోగ్య బీమా కావాల్నంటే జీతం నెలకి 21 వేలు దాటొద్దు, అదీ లేదు. ప్రైవేట్ పాలసీ అడిగితే భార్య, ఇద్దరు పిల్లలు, నేను కలిపి వాళ్ళు చెప్పిన ప్రీమియం దాదాపు నా నెల జీతమంత ఉంది. మూడు వేలు తక్కువిస్తే ఈఎస్ఐ అన్నా వస్తుండె అని మా మేనేజర్‌తోని అంటే నవ్విండు, నేను నవ్వడానికి చెప్పలే.

డిశ్చార్జ్ రోజు ఆ పిల్లనే పది రోజుల మందుల కవర్ బాపు చేతిల పెట్టుకుంట, అన్నా మీ కార్డు కూడా చేయించుకోరాదే అన్నది. ఫోన్ల శాలరీ స్లిప్ తీసి చూపించిన. చూసి ఏమనలే, తర్వాతి పేషెంట్‌ని పిలిచింది.