మర్ఫ్ కోసం 20 పౌండ్ల వెస్ట్: ప్లేట్ క్యారియరా, ఇసుకదా?

మే చివరి సోమవారం, చనిపోయిన సైనికుల్ని తలుచుకునే మెమోరియల్ డే నాడు అమెరికాలో చాలా జిమ్‌లు తెల్లారకముందే తలుపులు తీసి ‘మర్ఫ్’ అనే వర్కవుట్ పెడతాయి. మైలు పరుగు, 100 పుల్‌అప్స్, 200 పుషప్స్, 300 స్క్వాట్స్, మళ్ళీ మైలు పరుగు. ఇదంతా ఒంటి మీద బరువు చొక్కా (వెస్ట్) తొడుక్కుని: మగవాళ్ళకు 20 పౌండ్లది, ఆడవాళ్ళకు 14. టెక్సస్ లాంటి చోట్ల పొద్దున్నే ముగించుకోవడం మంచిది. 2015 క్రాస్‌ఫిట్ గేమ్స్ అనే ఫిట్‌నెస్ పోటీల్లో ఎండలో ఇదే పెడితే ఆరితేరిన అథ్లెట్లకే వడదెబ్బ తగిలింది.

వెస్ట్ ఎందుకంటారా? ‘మర్ఫ్’ అన్న పేరు ఎవరిదో ఆ నేవీ సీల్ (అమెరికా నౌకాదళ కమాండో) లెఫ్టినెంట్ మైకేల్ మర్ఫీ ఈ వర్కవుట్‌ను కవచం తొడుక్కునే చేసేవాడు, దానికి పెట్టుకున్న పేరు కూడా ‘బాడీ ఆర్మర్’. 2005 జూన్ 28న అఫ్ఘానిస్తాన్ కొండల్లో సిగ్నల్ కోసం చాటు వదిలి బయటికొచ్చి, తూటాల మధ్యే సాయం కోరుతూ ఫోన్ చేసి ప్రాణం వదిలాడు. నూట యాభయ్యో స్క్వాట్ దగ్గర భుజాలు లాగేస్తున్నప్పుడు ఒక్కసారి లెక్క వేసుకోండి: మనం గంటలో విప్పి పక్కన పడేసే బరువు ఇది. సైనికుడు దీనికి తోడు తుపాకీ, తూటాలు, నీళ్ళు కూడా మోస్తూ కొండెక్కుతాడు.

ఇక సరుకు సంగతి. ఇసుక నింపిన వెస్ట్ చవకే కానీ మర్ఫ్‌కి పనికిరాదు. పరిగెత్తేకొద్దీ ఇసుక అడుక్కి జారి నడుము మీద కొడుతుంది, కుట్లు వదిలితే జిమ్ నేలంతా ఇసుకే. ముందూ వెనకా ఇనుప ప్లేట్లు పెట్టుకునే వెస్ట్‌ని ప్లేట్ క్యారియర్ అంటారు. 5.11 టాక్‌టెక్ లాంటి దాని ధర ఎక్కువే అయినా బరువు ఛాతీకి, వీపుకి అతుక్కుని కదలదు. కొనేవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు రెండు 10 పౌండ్ల ప్లేట్లు తీసుకోవడం. క్యారియర్ బరువు కూడా లెక్కలోకి వస్తుంది. అది రెండున్నర పౌండ్లుంటే 8.75 పౌండ్ల ప్లేట్లు రెండు చాలు.

ముందు ప్లేటు పై అంచు కంఠం ఎముకలకు కాస్త కింద, కింది అంచు బొడ్డుకి పైన ఉండాలి. కిందికి జారితే స్క్వాట్‌లో తొడలకు తగులుతుంది. పక్క పట్టీలు గట్టిగా ఊపిరి పీల్చినప్పుడు బిగుసుకోకూడదు, అలాగని రెండు వేళ్ళకు మించి సందు ఉంటే పరుగులో ఎగిరెగిరి చర్మం ఒరిపిడి పడుతుంది. లోపల పొడుగు చేతుల పల్చటి చొక్కా వేసుకుంటే సగం గాయాలు తప్పుతాయి. పుషప్స్‌లో మాత్రం ఒక చిక్కుంది. ఛాతీ కంటే ముందు ప్లేటు నేలను తాకుతుంది కాబట్టి లోతు తగ్గుతుంది. వంపు ఉన్న పల్చటి ప్లేట్లతో ఈ తేడా తక్కువ.

చేతులెత్తేసేది కూడా పుషప్స్ దగ్గరే. 5 పుల్‌అప్స్, 10 పుషప్స్, 15 స్క్వాట్స్ చొప్పున 20 రౌండ్లు మామూలు పద్ధతి. వెస్ట్‌తో అయితే ఆ పదినీ రెండుగా విడగొట్టి, స్క్వాట్స్‌కి ముందు ఐదు, తర్వాత ఐదు చేస్తే ట్రైసెప్స్ (పై చేతి వెనక కండరాలు) చివరిదాకా నిలుస్తాయి. మొదటి మైలు ఆవేశంగా పరిగెత్తినవాళ్ళే పదో రౌండ్‌కి బార్ కింద నిలబడి దిక్కులు చూస్తారు.

అయ్యాక ప్లేట్లు తీసి తుడవండి, చెమటతో వదిలేస్తే ఇనుము తుప్పు పడుతుంది. క్యారియర్ గుడ్డని వెల్క్రో మూసి చల్లనీళ్ళలో చేత్తో ఉతికి నీడన ఆరేయాలి. వెల్క్రో తెరిచి ఉతికితే దూది పట్టుకుని రెండు నెలల్లో పట్టు వదిలేస్తుంది.

వరసగా ఐదు పుల్‌అప్స్ రానివాళ్ళు ఈ ఏడాది వెస్ట్ కొనకండి, సగం మర్ఫ్ వెస్ట్ లేకుండా చేయండి. అలవాటు లేకుండా అన్ని పుల్‌అప్స్ మీద పడితే కండరం కరిగి కిడ్నీల మీదికి వస్తుంది. మర్నాడు మూత్రం టీ డికాక్షన్ రంగులో కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి.